కథ కొరకు లిపి నేర్చినవారు

సాహిత్య చరిత్రలు సామాన్యముగా రచయితల చరిత్రలు. ఎవరు ఎప్పుడు పుట్టిరి, ఏ గ్రంథము వ్రాసిరి, ఏ ప్రభువు లేక ఏ పత్రిక వారిని ఆదరించెను అను విషయములే వానిలో ప్రధానముగా కనిపించును. చదివినవారి మాట అంత సులభముగా దొరకదు. పాఠకుడు పుస్తకము చదువును, స్నేహితునితో దానిని గురించి మాటాడును, వాదించును, తుదకు పుస్తకమును మరియొకరి చేతికిచ్చును. ఆ మాటలు ఆనాటితోనే పోవును. అందులోను ఆ పాఠకుడు 14, 15 ఏండ్ల బాలుడైనచో అతని అభిప్రాయమును వ్రాసి ఉంచవలెనని ఎవ్వరికిని తోచదు. అయినను హిందీ సాహిత్యమునందలి ఒక ఘట్టమున ఇట్టి పాఠకులను విస్మరించుట ఏ చరిత్రకారునికిని సాధ్యము కాలేదు. ఆ ఘట్టమునకు కారణమైన నవల ‘చంద్రకాంత’.

దాని రచయిత దేవకీనందన్ ఖత్రీ 1861లో బీహారునందలి పూసాలో, మాతామహుల యింట జన్మించెను. వారి పూర్వులు పంజాబు దేశమునుండి కాశికి వచ్చి స్థిరపడినవారు. చిన్ననాట ఆయన మొదట నేర్చినవి ఉర్దూ, పారసీకములు. హిందీ, సంస్కృతము, ఆంగ్లము తరువాత వచ్చినవి. యౌవనమున కొంతకాలము గయ ప్రాంతమునందలి టికారీ సంస్థానమువారితో వ్యాపారము సాగించి, పిమ్మట కాశి చేరెను. కాశీ మహారాజుతో కలిగిన పరిచయమువలన చకియా, నౌగఢ్ అడవుల గుత్త ఆయనకు లభించెను. ఆ అడవులలో పాడుపడిన కోటలు, కొండగుహలు, లతలు క్రమ్మిన ప్రాకారములు అనేకములు కలవు. పనిమీద తిరుగుచు ఆయన వానిని చూచెను, చూచినవానిని మరువలేదు. గుత్త చేజారిన తరువాత, వేరు వ్యాపకము లేని దినములలో, ఆ శిథిలములనే కథాస్థలములుగా చేసికొని ‘చంద్రకాంత’ వ్రాయ మొదలిడెను. మొదటి భాగము 1888 ప్రాంతమున వెలువడినదని సాధారణముగా చెప్పుదురు. అది 4 భాగములతో ముగిసెను. 1894 మొదలు సుమారు పదేండ్లపాటు దానికి ఉత్తరకథగా ‘చంద్రకాంతా సంతతి’ 24 భాగములుగా వచ్చెను. 1898లో ఖత్రీ కాశిలో లహరీ ప్రెస్సును స్థాపించి తన పుస్తకములను తానే అచ్చు వేయించుకొనసాగెను. అడవి గుత్తలో నిలువని జీవనము కథలలో నిలిచెను.

కథావస్తువు మిక్కిలి సామాన్యమైనది. నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు, విజయగఢ్ రాకుమారి చంద్రకాంత పరస్పరము ప్రేమించిరి. విజయగఢ్ మంత్రి కుమారుడు క్రూరసింహుడు ఆమెను తాను పెండ్లాడి రాజ్యమును కాజేయ చూచును. అది సాగక చునార్ ప్రభువైన శివదత్తుని ఆశ్రయించును. ఇంతవరకు వింత లేదు. వింత యంతయు ఐయారులయందు ఉన్నది. ఐయారు అనగా రాజులను కొలుచు గూఢచారి. వేషము మార్చుట, కంఠస్వరము మార్చుట, త్రాటినిచ్చెనతో గోడలెక్కుట, మందు వాసన చూపి శత్రువును మూర్ఛిల్లజేసి మూట కట్టి మోసికొనిపోవుట అతని విద్యలు. మూర్ఛ తెలుపుటకు ‘లఖ్‌లఖా’ అను మరియొక మందు అతని సంచిలోనే ఉండును. ఐయారు ఐయారును చంపరాదను నియమముకూడ ఆ లోకమున కలదు; పట్టుబడినవానిని బంధింపవలెనే కాని ప్రాణము తీయరాదు. రెండవ వింత ‘తిలిస్మ్’. ప్రాచీనులు నిధినిక్షేపములను కాపాడుటకై కట్టిన చిక్కుల భవనమది. తలుపులు తమంత మూసికొనును, రాతిబొమ్మలు కదలును, నేల క్రుంగును. దానిని ఛేదింపగలవాడు ఎవ్వడో ముందే నిర్ణయమై ఉండును. అట్టివానికి మార్గము తెలుపు గ్రంథము ఒకటి దొరకును.

ఈ రెండు వింతలును ఖత్రీ శూన్యమునుండి కల్పింపలేదు. లక్నోలోని నవల్‌కిశోర్ ముద్రాలయము 1883లో ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ అను ఉర్దూ దాస్తాను ప్రచురణను మొదలుపెట్టి పదేండ్లలో 7 సంపుటములు వెలువరించెను. అమీర్ హమ్జా కథాచక్రమునకు చెందిన ఆ గ్రంథమును మహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ కమర్ అను వారు వ్రాసిరి. ఐయారులు, తిలిస్ములు, మాయసంచులు అందు కొల్లలుగా కలవు. అయితే ఖత్రీ చేసిన మార్పు ఒకటి కలదు. ఉర్దూ దాస్తానులో తిలిస్మును మాంత్రికుడు సృష్టించును. ఖత్రీ తిలిస్మును పనివాండ్రు కట్టుదురు. అందు మంత్రము లేదు. కీళ్లు, తీగలు, మరలు, మందులు, రసాయనములు ఉన్నవి. ఈ చిన్న మార్పుయొక్క ఫలము పెద్దది. మంత్రము అన్నంతనే వాదము ముగియును. యంత్రము అన్నచో వాదము మొదలగును. రాతిబొమ్మ నిజముగా కదలునా? మందు వాసనతో మనుష్యుడు అన్ని గంటలు మూర్ఛలో ఉండునా? చదివిన ప్రతి బాలుడును దీనిపై ఒక అభిప్రాయము చెప్పవచ్చును.

మారువేషములుకూడ అట్టివే. కథలో ఎవరి ముఖము వెనుక ఎవరున్నారో తెలియదు. మంత్రియని తలచినవాడు శత్రుపక్షపు ఐయారు కావచ్చును. దాసియని తలచినది రాకుమారి చెలికత్తె చపల కావచ్చును. పాఠకుడు ఊహింపక తప్పదు. ఊహించినవాడు తన ఊహను మరియొకరికి చెప్పక ఊరకుండలేడు. పైగా పుస్తకము భాగములుగా వెలువడుచుండెను. ఒక భాగము ముగిసి మరియొకటి చేతికి వచ్చువరకు నడుమ కొన్ని వారములో నెలలో గడువు ఉండును. ఆ గడువంతయు పాఠకులది. తరువాత ఏమి జరుగవలెనో వారు తమలో తాము నిర్ణయించుకొందురు. క్రొత్త భాగము వచ్చినపుడు గెలిచినవారు ఎవరో తేలును. ‘చంద్రకాంత’ ప్రచారమునకు పత్రికలకంటె, ప్రకటనలకంటె ఎక్కువగా తోడ్పడినది ఈ సంభాషణయే అని ఊహించుటలో తప్పు లేదు.

ఈ పాఠకులు ఎవరు? 1901 జనాభా లెక్కలను బట్టి దేశమంతటను అక్షరము వచ్చినవారు నూటికి ఆరుగురికంటె తక్కువ. పశ్చిమోత్తర పరగణాలలో ఉద్యోగము కోరు కుటుంబముల బాలురు ఎక్కువగా ఉర్దూ నేర్చుచుండిరి. 1830ల చివర కచేరీలలో పారసీక భాష తొలగి ఉర్దూ ప్రవేశించినను లిపి మాత్రము పారసీక లిపిగానే నిలిచెను. గుమాస్తా పనికైనను, వకీలు పనికైనను ఆ లిపియే ద్వారము. నాగరి లిపి పురోహితులకు, వర్తకులకు, స్త్రీల వ్రతకథలకు చాలునని భావించిన విద్యావంతులు పలువురు ఉండిరి. 1893లో కాశిలో కొందరు విద్యార్థులు చేరి నాగరీ ప్రచారిణీ సభను నెలకొల్పిరి. వారిలో ముఖ్యుడైన శ్యామసుందరదాసుకు అప్పటికి 18 ఏండ్లు. 1898లో మదనమోహన మాలవీయ ప్రభృతులు నాగరి పక్షమున ప్రభుత్వమునకు విజ్ఞప్తి సమర్పించిరి. 1900 ఏప్రిల్‌లో కచేరీలయందు నాగరి లిపిని అనుమతించుచు ఉత్తరువు వెలువడెను. ఆ ఉత్తరువు చుట్టును చెలరేగిన వివాదము, అది హిందువుల నడుమను ముసల్మానుల నడుమను పెంచిన దూరము చరిత్రలో విదితమే.

సరిగా ఆ యేండ్లలోనే, సభలతోను విజ్ఞప్తులతోను సంబంధము లేకుండ, మరియొక పని సాగుచుండెను. ఉర్దూ మాత్రమే వచ్చినవారు ‘చంద్రకాంత’ చదువుటకై హిందీ నేర్చుకొనిరి. ఈ మాట హిందీ దేశమున లోకోక్తివలె వాడుకలో ఉన్నది. దీనిని యథాతథముగా నమ్ముటకు ముందు, అటుల నేర్చుట యనగా ఏమో ఆలోచింపవలెను. ఉర్దూ చదువుకొన్న కాశీ బాలునికి ఖత్రీ వాక్యము వినినంతనే అర్థమగును. అది అతడు ఇంటను వీధిలోను మాటాడు భాషయే. ఐయారు, తిలిస్మ్ అను మాటలు అరబీ పారసీకముల ద్వారా వచ్చినవి. అతనికి తెలియనిది అక్షరము మాత్రమే. నాగరి లిపిలో వ్రాసినది వ్రాసినట్లే పలుకును. కథమీద ఆసక్తి కలవాడు కొలది వారములలో దానిని కూడబలుకుకొని చదువగలడు. కావున జరిగినది భాషాంతరము కాదు, లిపి మార్పు. అద్భుతము కొంత తగ్గినను అర్థము పెరిగినది. వాదములలో రెండు శిబిరములకు పతాకలుగా నిలిచిన లిపుల నడుమ కుర్రవాండ్రు కథ కొరకు సునాయాసముగా వంతెన దాటిరి. వారు దాటి చేరిన తీరమున కనిపించినది సంస్కృత సమాసముల హిందీ కాదు. తాము అంతకుముందు ఉర్దూలో ఎరిగిన ఐయారులే అచ్చటను వారికి ఎదురుపడిరి.

ఈ పాఠకుల సంఖ్యను ఎవ్వరును లెక్కింపలేదు. వారి సంభాషణలను ఎవ్వరును వ్రాసిపెట్టలేదు. అయినను అట్టి బాలుని దినచర్య ఎట్లుండెనో తెలిసికొనుటకు ఒక సాక్ష్యము కలదు. అది ప్రేమ్‌చంద్ తన తొలి రచనను గురించి చెప్పుచు వ్రాసినది. 1880లో జన్మించిన ఆయన 13 ఏండ్ల ప్రాయమున, తండ్రి తపాలా ఉద్యోగముపై ఉన్న గోరఖ్‌పూరులో చదువుచుండెను. అప్పటికి హిందీ ఏమాత్రము రాదు. ఉర్దూ నవలలనిన పిచ్చి. షరర్, సర్షార్, రుస్వా వంటి రచయితల పుస్తకము ఎచ్చట కనిపించినను బడిని మరచి, ముగించువరకు వదలకుండెను. కొనుటకు డబ్బు లేదు. రేతీ ప్రాంతమున బుద్ధిలాల్ అను పుస్తక విక్రేత ఉండెను. బాలుడు అతని దుకాణమున ఉన్న ఆంగ్ల పాఠ్యపుస్తకముల టీకలను తీసికొనిపోయి బడిలో తోడి విద్యార్థులకు అమ్మిపెట్టును. బదులుగా నవలలు ఇంటికి తెచ్చుకొని చదివి తిరిగి ఇచ్చును. రెండు మూడేండ్లలో వందలకొలది నవలలు అటుల ముగించెను. నవలలు అయిపోయిన తరువాత పురాణముల ఉర్దూ అనువాదములు, ‘హోష్‌రుబా’ సంపుటములు చేపట్టెను. ఒక మనుష్యుడు జీవితమంతయు కూర్చుండి ప్రతి వ్రాసికొన్నను ముగియనంతటి గ్రంథమని ఆయన దానిని గురించి ఆశ్చర్యపడెను.

ఇది ఉర్దూ పాఠకుని కథ. ‘చంద్రకాంత’ పాఠకుని కథ కాదు. అయినను పుస్తకము ఏ మార్గమున బాలుని చేరుచుండెనో ఇందు స్పష్టముగా కనిపించును. గ్రంథాలయము లేదు, తల్లిదండ్రుల ప్రోత్సాహము లేదు, గురువుల సిఫారసు లేదు. దుకాణదారునితో ఒక ఒప్పందము, సహాధ్యాయులతో బేరము, దాచుకొని చదివిన రాత్రులు ఉన్నవి. అక్షరాస్యత అంత స్వల్పమైన కాలమున ఒకడు చదువగా పదిమంది వినుట సర్వసామాన్యము. ఉర్దూ దాస్తానులైనను, హిందీ నవలలైనను కొన్నవారికంటె విన్నవారే అధికులు. విన్నవారిలో కొందరు తామే చదువవలెనని పట్టుబట్టి అక్షరము నేర్చుకొనియుందురు.

పెద్దలకు ఇది రుచింపలేదు. నవలలు బాలుర బుద్ధిని చెరచునని, స్త్రీలు వానిని తాకరాదని ఆనాటి పెద్దలు పలువురు గట్టిగా నమ్మిరి. ఖత్రీకి మిత్రులనుండికూడ ఆక్షేపణలు వచ్చెను. ధర్మబోధకమో దేశహితకరమో అయిన గ్రంథము వ్రాయక ఈ కల్పనలేల అని వారు అడిగిరి. ఇట్టివి జరుగుట అసంభవమని మరికొందరు వాదించిరి. ‘సంతతి’ 24వ భాగము చివర ఆయన పాఠకులతో నేరుగా మాటాడెను. ఆ మాటలు హిందీ నవలా చరిత్రలో ముఖ్యమైనవి. పుస్తకమును మొదలుపెట్టినపుడు ఇంత ప్రచారము కలుగునని తాను తలపలేదనియు, వినోదమునకై వ్రాసితిననియు, జనుల అనురాగమును చూచిన పిమ్మటనే తనకును దానిపై అనురాగము పెరిగెననియు ఆయన అంగీకరించెను. కథలోని విషయములు సత్యాసత్య పరీక్షకై కాక కుతూహలము పెంచుటకై వ్రాసినవని సమాధానము చెప్పెను. తాను కలము పట్టిననాడు హిందీకి గొప్ప రచయితలు ఉండిరి కాని కొనువారు లేకుండిరి; ఇప్పుడు కొనువారు ఉన్నారు, అట్టి రచయితలు లేరు అని ఆయన భావము. ఇందు గర్వము కొంత ఉన్నను అసత్యము లేదు. పాఠకుల అనురాగము రచయితను మార్చినదని రచయితయే ఒప్పుకొనుట అరుదైన విషయము.

1929లో ఆచార్య రామచంద్ర శుక్ల ‘హిందీ సాహిత్య కా ఇతిహాస్’ ప్రకటించెను. అందు ఖత్రీని గురించి ఆయన ఇచ్చిన తీర్పు రెండు ముఖములు కలది. ఈ నవలల లక్ష్యము సంఘటనా వైచిత్ర్యమే కాని రసముగాని, భావముగాని, పాత్ర చిత్రణముగాని కాదు; కావున ఇవి సాహిత్యకోటిలోనికి రావు. ఇది మొదటి ముఖము. హిందీకి ఈయన సృష్టించినంతమంది పాఠకులను మరి ఏ రచయితయు సృష్టింపలేదు. ఉర్దూ మాత్రమే ఎరిగిన ఎందరో ఈ పుస్తకము కొరకు హిందీ నేర్చిరి. చదివినవారిలో కొందరు రచయితలుకూడ అయిరి. ఇది రెండవది. ఆచార్యుని నిజాయితీ ప్రశంసనీయము. సాహిత్యము కాదన్న పుస్తకమునకు సాహిత్య చరిత్రలో స్థానమిచ్చినవాడు ఆయన. అయినను ఒక ప్రశ్న మిగులును. ఒక భాషకు పాఠకలోకమును సంపాదించిపెట్టిన గ్రంథము ఆ సాహిత్యమునకు వెలుపలిది ఎట్లగును? ఇంటి పునాదిలోని రాళ్లు అందముగా లేవని వానిని ఇంటిలో భాగము కాదనుట ఎట్టిదో ఇదియు అట్టిది.

గమనింపవలసిన అంశము మరియొకటి కలదు. అక్షరము నేర్చిన పాఠకుడు ఒక్క పుస్తకముతో ఆగడు. ‘చంద్రకాంత’ ముగించినవాడు అట్టిదే మరియొకటి కావలెనని కోరెను. గహ్మర్ గ్రామవాసియైన గోపాలరామ్ 1900లో ‘జాసూస్’ అను అపరాధపరిశోధక పత్రికను మొదలిడెను. కిశోరీలాల్ గోస్వామి నవలలకే ఒక మాసపత్రిక నడిపెను. ఖత్రీయే ‘భూతనాథ్’ అను మరియొక గ్రంథమును మొదలిడి, అది ముగియకముందే 1913లో మరణించెను. ఆయన కుమారుడు దుర్గాప్రసాద్ ఖత్రీ దానిని పూర్తిచేసెను. ఒక తరము బాలురకు చదువుట అలవాటయ్యెను. ఆ అలవాటునుండియే గంభీర సాహిత్యమునకు పాఠకులు వచ్చిరి. వారికి వేరే జన్మస్థానము లేదు.

తెలుగు పాఠకునికి ఈ చరిత్ర పరాయిదిగా తోచదు. ఖత్రీ కాశిలో కూర్చుండి వ్రాసిన కాలమునకు సమీపముననే మధిర సుబ్బన్న దీక్షితులు కాశికి పోవు దారిని కథగా మలచి, ‘కాశీమజిలీ కథలు’ 12 భాగములుగా రచించెను. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు తోడుగా ఒక గొల్ల పడుచువానిని వెంట తీసికొనిపోవును. ప్రతి మజిలీలోను ఆ యువకుడు ఊరిలోనికి పోయి ఏదో వింత చూచి వచ్చి దాని కారణము అడుగును. యతి కథ చెప్పును. యువకుని కుతూహలము లేనిచో కథ కదలదు, యాత్రయు సాగదు. తెలుగునాట ఎందరి యిండ్లలోనో ఈ భాగములు అట్టలూడి, పుటలు చినిగి, చేతులు మారుచు తిరిగినవి. పండితుల మెప్పును లెక్కింపక బాలురు తమలో తాము ఇచ్చుకొన్న సిఫారసే వాని ఆయుష్షును పెంచినది.

‘చంద్రకాంత’ ఆయుష్షుకూడ అట్లే పెరిగెను. 1994లో దూరదర్శన్ దానిని ధారావాహికగా ప్రసారము చేసెను. నీరజా గులేరీ నిర్మించిన ఆ ధారావాహిక మూలకథను చాలవరకు విడిచి తన దారిన తాను పోయినను, పుస్తకము పేరైన ఎరుగని లక్షలాది పిల్లలకు ఐయారులను పరిచయము చేసెను. నవలా రచయిత రాజేంద్ర యాదవ్ వంటివారు ఖత్రీ రచనను క్రొత్త దృష్టితో పరిశీలించి, శుక్ల మూసిన తలుపును మరల తెరచిరి. 2009లో ఫ్రాన్చెస్కా ఒర్సీనీ వలసపాలనా కాలపు ఉత్తర భారతమునందలి వినోద సాహిత్యముపై ప్రకటించిన గ్రంథమున ఈ నవలకు తగిన స్థానము లభించెను. పూర్వము వినోదమని త్రోసివేసినదానినే పండితులు ఇప్పుడు ఆధారములతో అధ్యయనము చేయుచున్నారు.

రచయితలు లేరని ఖత్రీ చింతించిన సమయమున, గోరఖ్‌పూరు దుకాణమున అరువు నవలలు చదివిన బాలుడు పెద్దవాడై ఉర్దూలో కథలు వ్రాయుచుండెను. కొన్ని ఏండ్లకు ఆయన తన ఉర్దూ నవల ‘బాజార్-ఎ-హుస్న్’ను ‘సేవాసదన్’ అను పేరుతో హిందీలోనికి తెచ్చెను. ముందు వ్రాసినది ఉర్దూలోనే అయినను ముందు అచ్చయినది హిందీ ప్రతి. ఉర్దూ ప్రతి వెలువడుటకు మరికొన్ని ఏండ్లు పట్టెను. హిందీలో దానిని అచ్చు వేయుటకు ప్రకాశకుడు ఉండెను. కొనుటకు పాఠకులు ఉండిరి. ఆ పాఠకులలో అక్షరమును ‘చంద్రకాంత’ పుటలలో కూడబలుకుకొని నేర్చినవారు ఎందరో చెప్పుటకు లెక్కలు లేవు. వారు తమ అభిప్రాయములను ఎచ్చటను వ్రాసిపెట్టలేదు. తమకు నచ్చిన పుస్తకమును ప్రక్కవాని చేతిలో పెట్టి, చదివి చూడుమని మాత్రమే చెప్పిరి.